ఓనరు తన లారీ నాకే అమ్ముతానంటున్నాడు, తీసుకోమంటారా?

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. మా తాత బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయాడు. నాకు 27 ఏళ్లు. మూడేళ్లు క్లీనరుగా తిరిగాను, నాలుగేళ్ల నుంచి స్టీరింగు మీద ఉన్నాను. అందులో పది టైర్ల బండి తోలుతున్నది రెండేళ్లుగానే. ఓనరుది సాలూరు. విశాఖ పోర్టు నుంచి రాయ్‌పూర్, అక్కణ్ణుంచి మళ్లీ విశాఖ, ఇదే మా లైను. జీతం 16,000, బత్తా వేరే. ఓనరుకి వయసైపోయింది, కొడుకులకి ఈ పని ఇష్టం లేదు. నేను తోలుతున్న 2019 మోడలు బండినే 14 లక్షలకి నాకు ఇస్తానంటున్నాడు. 3 లక్షలు చేతికిచ్చి మిగతా 11 లక్షలు ఫైనాన్సులో పెట్టుకోమంటున్నాడు. లేదంటే బండి తన పేరునే ఉంచి నెలనెలా తనకే కట్టమంటున్నాడు. 3 లక్షలకి మా అమ్మ బంగారం కుదువ పెట్టాలి. నా లెక్కలో నెలకి అయిదు ట్రిప్పులు, ట్రిప్పుకి పదకొండు పన్నెండు వేలు మిగులుతుంది. మా ఆవిడ వద్దంటోంది. మా మేనమామ కుందులి సంతలో అల్లం, కూరగాయలు కొని అద్దె వ్యాన్లలో విశాఖ పంపుతుంటాడు. ఆయనేమో కొనేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక డ్రైవరు, సిమిలిగుడ

జవాబు: తమ్ముడూ, నాన్చకుండా ముందు జవాబు చెప్పేస్తాను. ఆ బండి ఈ ఏడాది కొనొద్దు. పేరు మార్చకుండా నెలనెలా కట్టే పద్ధతిలో అయితే ఏ ఏడాదీ కొనొద్దు.

ఇది నీ తోలకం మీద అనుమానంతో అంటున్న మాట కాదు. సుంకి ఘాటీలో లోడు బండిని రెండేళ్లు దించినవాడికి తోలడం గురించి నేను చెప్పేదేముంటుంది? నేనూ పదకొండేళ్లు తోలాను. తర్వాత ఆరేళ్లు ఓనరుగా ఉన్నాను. ఇప్పుడు రాయగడలో స్పేరు పార్టులు అమ్ముకుంటున్నాను. ఆ ఆరేళ్లలో మొదటి మూడేళ్లు నాకు లాభమొస్తోందో నష్టమొస్తోందో నాకే తెలీదు. జేబులో ఎప్పుడూ డబ్బు ఉండేది. కిరాయి అడ్వాన్సు డీజిలుకి, పాత బ్యాలెన్సు కిస్తీకి, ఈ ట్రిప్పు డబ్బు పోయిన నెల టైర్లకి. డబ్బు చేతులు మారుతుంటే సంపాదిస్తున్నట్టే ఉంటుంది.

నీ లెక్కే తీసుకుందాం. ట్రిప్పుకి పదకొండు పన్నెండు వేలు అన్నావు, అది అబద్ధం కాదు. పది టైర్ల బండి మొత్తం బరువు 28.5 టన్నులు దాటకూడదు కాబట్టి సరుకు 18 టన్నులు అనుకుందాం. పోయేటప్పుడు టన్నుకి 1,500, వచ్చేటప్పుడు 1,300 దొరికిందనుకో. మొత్తం కిరాయి 50,400. పోను రాను 1,200 కిలోమీటర్లు. లీటరుకి నాలుగు చొప్పున 300 లీటర్లు, లీటరు 95 వేసుకున్నా డీజిలే 28,500. టోలూ దారి ఖర్చులూ 3,500, బ్రోకరు కమీషను 1,500, బత్తాలు 3,500, లోడింగు, తాళ్లు, టార్పాలిను, కాటా అన్నీ కలిపి 1,500. పోగా మిగిలింది 11,900. ఇంతవరకు నువ్వు రాసినదే.

నువ్వు ఉత్తరంలో రాయనివి ఇవి. పదకొండు లక్షలకి 15 శాతం వడ్డీతో నాలుగేళ్ల కిస్తీ నెలకి 30,600 దగ్గర తేలుతుంది. ఈ బరువు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఏడాదికి 43,950, పైన జీఎస్టీ. బండికి కూడా ఇన్సూరెన్సు చేయిస్తే 60,000 అనుకో, నెలకి 5,000. నేషనల్ పర్మిట్టు ఏడాదికి 16,500. దానికి రోడ్డు టాక్సు, ఫిట్‌నెస్ కలిపి నెలకి 4,000 పక్కన పెట్టు. టైర్లకి, రీబటన్లతో (అరిగిన టైరుకి కొత్త రబ్బరు వేసినవి) కలిపినా, 8,000. ఆయిలు, గ్రీజు, లైనర్లు, కమాన్ పట్టీలు 6,000. అమ్మ బంగారం ఊరికే రాదు కదా. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా మూడు లక్షలకి నెలకి 3,000. అన్నీ కలిపితే నెలకి 56,600.

అయిదు ట్రిప్పులైతే నీకు 59,500 వస్తుంది. మిగిలేది 2,900. నాలుగే ట్రిప్పులైతే 9,000 చేతి నుంచి పడుతుంది. ఇందులో క్లీనరు జీతం లేదు. నీ జీతమూ లేదు. ఇవాళ నెల తిరిగేసరికి ఇంటికి చేరుతున్న 16,000 ఆ రోజు నుంచి ఆగిపోతుంది. ఈ అంకెల్లో కొన్ని నీ లైనులో అటూ ఇటూ ఉండొచ్చు, దిద్దుకో. ఎంత దిద్దినా ఆ 2,900 కాస్తా 20,000 అవుతుందని నాకు అనిపించడం లేదు.

అసలు పేచీ అంతా ఆ 'అయిదు' దగ్గరే ఉంది. పోయిన ఏడాది ఏ నెలలో అయిదు ట్రిప్పులు పూర్తిగా పడ్డాయో గుర్తు తెచ్చుకో. పోర్టు దగ్గర లైనులో పడుకున్న రోజులు, రాయ్‌పూర్‌లో రిటర్న్ లోడు కోసం బ్రోకరు ఆఫీసు బల్ల మీద కూర్చున్న రోజులు, వానాకాలంలో ఘాటీ మీద బండ్లు ఆగిపోయిన రోజులు. డ్రైవరుకి హాల్టు అంటే నిద్ర, వంట, ఫోన్లో సినిమా. బత్తా నడుస్తూనే ఉంటుంది. ఓనరుకి అదే హాల్టు రోజుకి దాదాపు రెండు వేలు తినేస్తుంది, ఎందుకంటే కిస్తీకి ఆదివారాలు లేవు. 2025 జూలైలో ఒడిశా డ్రైవర్లు స్టీరింగు వదిలేసి సమ్మె చేసినప్పుడు నువ్వూ బండి పక్కన పెట్టే ఉంటావు, న్యాయమే. ఈ బండి నీదై ఉంటే ఆ రోజుల్లో నీ మనసు ఎటు లాగేదో ఒకసారి ఆలోచించు.

ఇంకో మాట. ఘాటీ దిగుతుంటే బ్రేకు డ్రమ్ము కాలిన వాసన వస్తుంది చూడు, ఇప్పుడు నువ్వేం చేస్తావు? బండి ఓరగా తీస్తావు, క్లీనరు దిగి వెనక చక్రానికి రాయి పెడతాడు, డ్రమ్ము మీద చెయ్యి పెట్టగలిగేదాకా కూర్చుంటావు. నేను ఓనరయ్యాక ఒకసారి ఆ వాసన వచ్చింది. ఆగలేదు. సాయంత్రం ఆరు లోపల కాటా దాటకపోతే లోడు మర్నాటికి పోతుంది, మర్నాడు ఆదివారం. రెండో గేరులో, ఎగ్జాస్ట్ బ్రేకు మీద, దేవుడి మీద భారం వేసి దించాను. కింద సాలూరు వెలుతురు కనిపించేదాకా క్లీనరు కుర్రాడు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పని మానేశాడు. వాడు చేసింది సరైన పని. కిస్తీ మెడ మీద ఉన్నవాడు మంచి డ్రైవరుగా ఉండడం కష్టం, అది నన్ను నేను చూసుకుని చెబుతున్న మాట.

నా లారీ ఎలా పోయిందో కూడా చెప్పాలి. లోడు లేక పోలేదు. ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు దగ్గర బండి కట్టాను, లోడు రోజూ ఉంది. బిల్లు మాత్రం నలభై అయిదు రోజులన్నారు, అరవై అయింది, తొంభై అయింది. ప్రతి బిల్లులోనూ షార్టేజి, అంటే సరుకు తూకం తగ్గిందన్న పేరుతో కొంత కోత. నా డబ్బు రెండు లక్షల పైన వాళ్ల దగ్గర ఉంది, నా దగ్గర డీజిలుకి లేదు. ఒకరోజు రోడ్డు పక్క టైరు కొట్లో స్టెప్నీ దించి అమ్మి ట్యాంకులో డీజిలు పోయించుకుని బయల్దేరాను. ముప్ఫై కిలోమీటర్లు పోయాక టైరు పేలింది. అప్పుడు కూర్చున్నాను రోడ్డు మీద, స్టెప్నీ లేని లారీకి ఆనుకుని. ఆ తర్వాత రెండు కిస్తీలు తప్పాయి, మూడోదానికి మనుషులొచ్చారు.

అందుకని అడుగుతున్నాను, 3 లక్షలు ఇచ్చాక నీ చేతిలో ఏముంటుంది? మూడు కిస్తీలు, ఒక జత టైర్లు, వచ్చే ఏడాది ఇన్సూరెన్సు. ఇవి కలిపితే లక్షన్నర పైమాటే. ఈ సొమ్ము బ్యాంకులో పడి ఉండాలి, అదీ అప్పు తెచ్చినది కాకుండా. అది లేనివాడు లారీ కొంటే బిల్లు ఎవరు ఆలస్యం చేస్తారా అని ఎదురుచూడ్డమే.

ఇక ఓనరు చెప్పిన రెండో దారి. బండి ఆయన పేరున ఉంటుంది, నువ్వు కడుతుంటావు. ఆయన మంచివాడే అయి ఉండొచ్చు. రేపు ఆయనకేమైనా అయితే? ఆర్‌సి కాయితం ఎవరి పేరున ఉందో ఆ బండి వాళ్ల వారసులది. ఈ పని ఇష్టం లేని కొడుకులకి బండి అమ్మిన డబ్బు ఇష్టం లేకుండా ఉంటుందా? ఆయన వేరే అప్పుకి ఆ బండినే తాకట్టు పెట్టినా నీకు తెలీదు. నీ దగ్గర ఉండేది పది రూపాయల నోటు పుస్తకంలో 'ముట్టింది' అని రాసిన సంతకాలు. ఆయనకీ మంచిది కాదు. యాక్సిడెంటు జరిగితే కోర్టు ముందుగా ఆర్‌సిలో పేరున్నవాణ్ణే పిలుస్తుంది. ఇది ఆయనకి మెల్లగా చెప్పి చూడు, ఆయనే ఆ ఊసు మానేస్తాడు.

పేరు మార్చడానికి సాలూరు బండి కాబట్టి ఇంకో మెలిక ఉంది. ఆంధ్రా నంబరు బండిని కోరాపుట్ చిరునామాకి తేవాలంటే అక్కడి ఆర్టీవో దగ్గర ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాయితం) తీసుకోవాలి, పాత ఫైనాన్సు ఉంటే తీరినట్టు ఫారం 35, అమ్మకానికి 29, 30. తర్వాత ఇక్కడ ఓడీ 10 నంబరు, ఒడిశా టాక్సు. అమ్మకం జరిగిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కూడా నీ పేరుకి మార్చమని అడగాలి, లేకపోతే సొంత బండి డామేజీకి క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఈ తిరుగుళ్లలో బండి నిలబడే రోజులు కూడా ఖర్చులో వేసుకో. నంబరు మార్చకుండా ఆంధ్రా బండిగానే తిప్పుదామనుకుంటే మన ఫ్యాక్టరీల గేట్ల దగ్గర సంగతి నీకు తెలిసిందే. చాలా చోట్ల లోకల్ లారీ ఓనర్ల సంఘం సీరియల్ ప్రకారమే లోడింగు. నీ బండికి సీరియల్ ఇస్తారో లేదో అడగాల్సింది కొన్న తర్వాత కాదు.

'దాని గుణం నీకు తెలుసు' అని ఓనరు అనే ఉంటాడు. నిజమే, అదే నీ బలం. అయితే ఒక పని చెయ్యి. క్లచ్ ప్లేటు ఎప్పుడు వేశారు, హెడ్డు ఎప్పుడు దించారు, పదింటిలో ఎన్ని టైర్లు కొత్తవి, ఎన్ని రీబటన్, చాసిస్ మీద ఎక్కడెక్కడ వెల్డింగు ఉంది, ఇవన్నీ ఒక కాయితం మీద రాయి. వేరేవాడు ఇదే కాయితం ఇచ్చి ఈ బండి 14 లక్షలంటే కొంటావా? ఇష్టం పెంచుకున్న బండికి మనం ఎక్కువ కడతాం. ధర విషయంలో ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతదాని ధర పాత చోటే నిలబడదు. పైగా అదే ఏడాది అక్టోబరు నుంచి తయారయ్యే లారీల్లో కేబిన్‌కి ఏసీ ఉండి తీరాలి. నీ 2019 బండికి 2027లో ఎనిమిదేళ్లు నిండుతాయి. అప్పటిదాకా రెండేళ్లకోసారి ఉన్న ఫిట్‌నెస్ ఆ తర్వాత ఏటా. కిస్తీలు తీరి నాలుగు రాళ్లు మిగిలే రోజు వచ్చేసరికి బండికి పదేళ్లు దాటి ఉంటుంది.

రాయ్‌పూర్-విశాఖ కొత్త ఆరు లైన్ల రోడ్డు పూర్తయితే బాగుంటుందని కొందరు దాన్ని చూసుకుని బండ్లు కొంటున్నారు. 595 కిలోమీటర్ల దూరం 464 అవుతుంది, మన కోరాపుట్ జిల్లా మీదుగానే పోతుంది, అంతా నిజమే. ట్రిప్పులు పెరుగుతాయి, డీజిలు తగ్గుతుంది. దూరం తగ్గితే కిరాయి కూడా తగ్గుతుందని మాత్రం ఎవరూ అనరు. ఘాటీకి భయపడి ఇటు రాని పెద్ద ట్రైలర్లు ఆ రోడ్డెక్కుతాయి. యాభై బండ్లున్నవాడు టన్నుకి వంద తగ్గించినా బతుకుతాడు.

మూడు టన్నులు ఎక్కువ వేసుకుంటే సరిపోతుందిలే అని నీ తోటి డ్రైవర్లు ఎవరో ఒకరు అనే ఉంటారు. ఓవర్‌లోడు పట్టుబడితే 20,000, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. మూడు టన్నులకి 26,000, అంటే రెండు ట్రిప్పుల మిగులు కంటే ఎక్కువే. ఇన్నాళ్లూ అది ఓనరు ఫోనుకి వచ్చిన చలానా.

మీ ఆవిడ వద్దంటోందని రాశావు. ఎందుకు వద్దందో రాయలేదు. అడిగావా?

ఇప్పుడు నీ ఉత్తరంలో నాకు నచ్చిన ఒకే ఒక్క వాక్యం దగ్గరికి వస్తాను. మేనమామ కుందులి సంతలో కొని అద్దె వ్యాన్లలో విశాఖ పంపుతాడన్నావు. ఆయన కొనమన్నాడన్న సంగతి చెప్పడానికి రాశావు గానీ, తమ్ముడూ, నీ చేతిలో ఉన్న అసలు ఆస్తి అదే. లారీ వ్యాపారంలో లారీ ఎవరైనా కొనగలరు, ఫైనాన్సు కంపెనీ ఇంటికొచ్చి ఇస్తుంది. లోడు ఎవరిస్తారన్నదే కొనలేనిది. పది టైర్ల బండితో నువ్వు పోర్టులోనూ రాయ్‌పూర్‌లోనూ బ్రోకరు మొహం చూడాలి. అదే సంత సరుకు మోసే చిన్న బండి అయితే వారానికి ఎన్ని లోడ్లు ఖాయమో ఇవాళే మీ మామయ్యని అడిగి తెలుసుకోవచ్చు. సిమిలిగుడ నుంచి విశాఖ రాత్రికి రాత్రి పోయే దూరం. ఏడున్నర టన్నుల లోపు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 16,049. టైర్లు ఆరో నాలుగో. వచ్చేటప్పుడు ఇక్కడి కొట్లకి కిరాణా సరుకు వేసుకోవచ్చు.

అయితే మామయ్య కాబట్టి ఇంకా జాగ్రత్త. ఇప్పుడు అద్దె వ్యానుకి ట్రిప్పుకి ఎంతిస్తున్నాడు, రొక్కమా అరువా, వానాకాలంలో అల్లం లేని నెలల్లో ఎన్ని ట్రిప్పులు, ఇవి ముందు అడుగు. నీకూ అదే రేటు, అదే రోజు డబ్బు అని ఒప్పుకుంటేనే. 'మనోడివే కదా, పండగకి చూసుకుందాం' అంటే ఆ బండీ వద్దు. చుట్టరికంలో బాకీ అడగడం కంటే కాంట్రాక్టరు ఆఫీసు చుట్టూ తిరగడమే నయం, నేను రెండూ చేశాను.

ఈ ఏడాది నువ్వు చేయాల్సింది ఒకటే. ఒక పుస్తకం కొను. ఇప్పుడు తోలుతున్న బండే నీదనుకుని ప్రతి ట్రిప్పూ అందులో రాయి. లోడు తేదీ, అన్‌లోడు తేదీ, కాటా చీటీ బరువు, కిరాయి, డీజిలు లీటర్లు, హాల్టు రోజులు, షార్టేజి కోత, బ్యాలెన్సు చేతికి వచ్చిన తేదీ. కిరాయి ఎంతో ఓనరు నీకు చెప్పకపోతే అడుగు, బండి అమ్మాలనుకున్నవాడు చెప్పాలి. చెప్పకపోతే అదీ ఒక జవాబే. నెలాఖరున ఆ 56,600 కొట్టేసి మిగిలింది చూడు. పక్క పేజీలో మామయ్య వ్యాన్ల లెక్క రాయి. నెలకి 5,000 చొప్పున, ఏది ఏమైనా, వేరే ఖాతాలో వెయ్యి. వేయలేకపోయిన నెలలు కూడా రాసుకో, కిస్తీ నీ కోసం ఆ నెలలు వదిలిపెట్టదు.

ఎప్పుడో ఒకరోజు కొన్నప్పుడు పనికొస్తుంది, ఇదీ గుర్తుంచుకో. పదికి మించి లారీలు లేనివాడు పాన్ నంబరుతో డిక్లరేషను రాసిస్తే కిరాయిలోంచి టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) కోయకూడదు. నాకు మూడేళ్లు కోశారు, నేను అడగలేదు. భారీ బండికి టన్నుకి నెలకి 1,000 ఆదాయం లెక్కన పద్దు పుస్తకాలు లేకుండానే రిటర్ను వేసుకోవచ్చు. పన్ను పడకపోయినా వెయ్యి. రెండో బండికి బ్యాంకు గుమ్మం ఎక్కినప్పుడు మొదట అడిగేవి ఆ కాయితాలే.

ఓనరు ఏడాది ఆగడు, వేరేవాళ్లకి అమ్మేస్తాడు అంటావేమో. అమ్మనీ. కొన్నవాడికీ డ్రైవరు కావాలి, ఆ బండి గుణం తెలిసినవాడివి నువ్వొక్కడివే. జీతం 18,000 అడుగు.